కైఫీయత్తుల మెకంజీ

తెలుగుదేశమున ఒక యూరి పూర్వచరిత్ర వ్రాయబూనినవారు మొదట వెదకునది ఆ యూరి కైఫీయత్తును. కైఫీయత్తు అనగా స్థితిగతుల వివరము. ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చెను, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యము ఎవరిచ్చిరి, ఏ పాళెగాడు ఎప్పుడు ఏలెను, ఏ శాసనము ఎక్కడ నిలిచియున్నది అను సంగతులు అందులో కరణముల నోటినుండియు, వారి కవిలెకట్టలనుండియు వ్రాసికొనబడినవి. ఇట్టి గ్రామవృత్తాంతములు వందలకొలదిగా నేటికి మిగిలియున్నవనిన, అందుకు కారకుడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఇంతటి గ్రంథరాశిని కూర్చిన యీ దొర అందులోని తెలుగు పుస్తకమును స్వయముగా చదివి గ్రహింపగల పండితుడు కాకపోవుట వింత. చదువగల వారిని గుర్తించి చేరదీయుట ఆతడు నేర్చిన విద్య.

మెకంజీ 1754లో స్కాట్లండు దేశమునకు వాయవ్యముననున్న లూయిస్ ద్వీపములో, స్టోర్నవే అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి వర్తకుడు. కుమారుడు యౌవనమున ఆ రేవులోనే సుంకపు కచేరీయందు ఉద్యోగము చేసెను. గణితమునందు ఆతనికి చిన్ననాటనుండి ఆసక్తి మెండు. ఆ కాలమున నేపియర్ ప్రభువు అను నాతడు, సంవర్గమానములను కనిపెట్టిన తన పూర్వీకుడు జాన్ నేపియర్ జీవితచరిత్రను వ్రాయదలచి, హిందువుల గణితశాస్త్రమును గూర్చిన సమాచారమును కూర్పుచుండెను. ఆ పనిలో తోడ్పడిన మెకంజీకి భారతదేశముపై మనసు మరలెను. ఈస్టిండియా కంపెనీ కొలువునకు సిఫారసు పొంది, ఇరువదితొమ్మిదేండ్ల వయసున 1783లో మద్రాసు రేవున దిగెను. ఆ తరువాత ముప్పదియెనిమిదేండ్లు జీవించెను గాని, మరల స్వదేశమును చూడలేదు.

వచ్చిన క్రొత్తలో ఆతడు మధురకు పోయెను. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ భర్తతో కూడ అచ్చట కాపురముండెను. ఆమె యింట మధురలోని బ్రాహ్మణ పండితులతో మెకంజీకి పరిచయము కలిగెను. ఈ దేశపు విద్యను తెలిసికొనవలెననిన ఈ దేశపు పండితుల ద్వారముననే ప్రవేశింపవలెనను సంగతి ఆతనికి అక్కడనే తోచెను. అయినను ఆ కోరిక వెంటనే నెరవేరలేదు. సైన్యములో ఇంజనీరుగా చేరి కోయంబత్తూరు, నెల్లూరు, గుంటూరు సీమలందు తిరుగవలసి వచ్చెను. టిప్పూసుల్తానుతో యుద్ధము, నిజాము రాజ్యములో కొలతలు, పుదుచ్చేరి ముట్టడి, సింహళదండయాత్ర ఒకదానివెంట ఒకటి వచ్చినవి. పదమూడేండ్లు ఇట్లే గడచినవి. దారిలో కంటబడిన దానిని గుర్తుపెట్టుకొనుటకు మించి ఆతడు చేయగలిగినది లేదు. 1794లో శ్రీశైలమునకు పోయి, ఆలయప్రాకారముపై రాళ్ళ వరుసలలో చెక్కిన బొమ్మలను చూచి వ్రాసిన వృత్తాంతము ఒక్కటి ఆనాటి కృషికి సాక్ష్యముగా నిలిచినది. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి గ్రంథమాలలో అచ్చయినది.

సింహళమునుండి తిరిగివచ్చిన పిమ్మట 1796లో మెకంజీకి కావలి వెంకట బొర్రయ్య లభించెను. ఏలూరుసీమకు చెందిన నియోగి బ్రాహ్మణుడు, మిక్కిలి చిన్నవాడు. తెలుగు సంస్కృతములతోపాటు పలుభాషలు నేర్చినవాడు, ఇంగ్లీషును చక్కగా వ్రాయగలవాడు. అంతకుమించి, ఎవరితో ఎట్లు మాటలాడవలెనో ఎరిగిన నేర్పరి. గుడిపూజారి, మఠాధిపతి, జైనగురువు, గ్రామకరణము అందరును ఆతనిని నమ్మిరి. చదువరుల కంటికి అంతుబట్టని పాతకన్నడ లిపిని సాధించి శాసనములు చదువసాగెను. భారతీయ విజ్ఞానమందిరములో తాను పెట్టిన తొలియడుగు బొర్రయ్య చేయూతవలననే సాధ్యమయ్యెనని మెకంజీ తరువాత 1817లో మిత్రుడైన అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో దాపరికము లేక చెప్పుకొనెను. యజమాని నౌకరును గూర్చి అట్లు వ్రాయుట ఆ రోజులలో అరుదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత మైసూరుసీమను కొలిపించు పని మెకంజీకి అప్పగింపబడెను. గొలుసులు, దుర్భిణీలు, గుడారములతో కొలతగాండ్రు ఊరూర మజిలీలు చేయుచుండగా, వారివెంట మరియొక జట్టు కలములతోడను కాగితపు కట్టలతోడను నడిచెను. అది బొర్రయ్య జట్టు. దేశపటము గీయుటకు మైలురాళ్ళు, నదులు, కొండలు చాలును. మెకంజీ అంతటితో తృప్తిపడలేదు. ఆ కొండమీది కోట ఎవరిది, ఆ నదిపై ఆనకట్ట ఎవరు కట్టించిరి అని కూడ తెలిసినగాని ఆతనికి పటము పూర్తియైనట్లు తోచలేదు. కంపెనీ ఆ విచారణకు తగినంత ధనమియ్యలేదు. పండితుల జీతములలోను, గ్రంథముల వెలలోను పెద్దభాగము ఆతడు తన సొంతమునుండియే చెల్లించెను.

ఆ జట్టు పనిచేసిన తీరు తెలిసికొనదగినది. ఏమేమి అడుగవలెనో ముందుగా పట్టిక వ్రాసి యిచ్చెడివారు. గుమాస్తా ఒక గ్రామమునకు చేరి, కరణమును కలిసి, వారి వంశములో పరంపరగా వచ్చుచున్న దండకవిలెను చూపుమని వేడుకొనెడివాడు. కవిలె లేనిచోట ఊరి పెద్దల నోటిమాట వ్రాసికొనెడివాడు. గుడిగోడమీదను, చెరువుగట్టుమీదను శాసనమున్నచో, రాతిమీది నాచును గీకి కడిగి, కంటితో చూచి అక్షరాక్షరమును కాగితముపైకి దించుకొనెడివాడు. తామ్రశాసనమును యజమాని తన చేతినుండి విడువనన్నచో అతని యరుగుమీదనే కూర్చుండి నకలు వ్రాసెడివాడు. తాళపత్రగ్రంథమును అమ్మువారుండిన కొనుట, అమ్మనివారుండిన ప్రతి వ్రాయించుట. ఏ యూర ఏమి జరిగినదో తెలుపు నివేదికలు క్రమముగా మెకంజీ గుడారమునకు చేరుచుండెను.

పని అంత సులభముగా సాగలేదు. కంపెనీ మనుష్యులు మాన్యముల పుట్టుపూర్వోత్తరములు అడుగుచున్నారనిన, రేపు వాటిని లాగికొందురేమో, శిస్తు వేయుదురేమో అని పల్లెలవారికి బెదురు పుట్టెను. కొందరు కవిలె చెదలు తినెననిరి. కొందరు శాసనము లేనేలేదనిరి. ఆ బెదురు నిరాధారమైనదని చెప్పవీలులేదు. కొలత, శిస్తు, చరిత్ర మూడును ఆ కాలమున ఒకే దొరతనపు చేతిలో ఉండెను. అయినను బొర్రయ్యవంటి తెలుగువాడు ఎదుట కూర్చుండి ఊరి గొప్పను శ్రద్ధతో వినుచుండగా, మూతపడిన నోరు మెల్లగా తెరచుకొనెడిది. ఈ సంగతి తలపక కైఫీయత్తులు చదువరాదు. అందు చరిత్రయు కలదు, పుక్కిటిపురాణమును కలదు, మాన్యము నిలుపుకొనవలెనను ఆరాటమును కలదు.

1803లో బొర్రయ్య అకాలమరణము పొందెను. ముప్పదియేండ్లయిన నిండని వయసు. జైనులను గూర్చి ఆతడు కూర్చిన సమాచారము మరణానంతరము ఏషియాటిక్ సొసైటీవారి తొమ్మిదవ సంపుటములో మెకంజీ వ్యాసముతోపాటు ఆతని పేరుతోనే వెలువడెను. మెకంజీ ఆ స్థానమున ఆతని తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్యను నియమించెను. మరియొక తమ్ముడు రామస్వామియు ఆ జట్టులో పనిచేసి, తరువాత 1829లో దక్షిణదేశపు కవుల చరిత్రలను ఇంగ్లీషున రచించి ప్రకటించెను. నారాయణరావు, నిటల నాయన, జైనపండితుడు ధర్మయ్య మొదలగు వారెందరో ఆ యేండ్లలో దక్షిణదేశమంతట తిరిగిరి. ఒక యింటినుండి ముగ్గురు సోదరులు గ్రంథసేకరణకు పూనుకొనుట తెలుగువారి చరిత్రలో చెప్పుకొనదగిన విషయము.

రాయలసీమకు ఈ కృషివలన కలిగిన మేలు ప్రత్యేకమైనది. 1800లో నిజాము కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలములందు అప్పుడే పాళెగాండ్ర బలము విరిగిపోవుచుండెను. చిత్తూరుసీమలో పాకాల, పులిచెర్ల, కల్లూరు, మొగరాల మొదలగు పాళెములుండెడివి. ఇచ్చటి పాళెగాండ్రును కంపెనీ నెదిరించి 1804 ప్రాంతమున ఓడిపోయిరి. కోటలు పాడుపడి, కొలువులు చెదరి, భట్టుకవులు దిక్కులుపట్టిన ఆ సంధికాలములోనే మెకంజీ మనుష్యులు దత్తమండలములలో తిరిగి పాళెగాండ్ర వంశావళులను వ్రాసికొనిరి. ఇరువదియేండ్లు ఆలసించినచో వాటిని చెప్పువారే ఉండెడివారు కారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివే. కావున కడపసీమ కైఫీయత్తులను ఈ ప్రాంతమువారును తమవిగా భావింపదగును.

1810లో మెకంజీ మద్రాసు రాజధానికి సర్వేయర్ జనరల్ అయ్యెను. మరుసటియేడు జావాద్వీపముపైకి పోయిన సేనతో పోవలసివచ్చెను. అక్కడను ఊరకుండక డచ్చివారి దస్తరములు వెదకెను, ప్రంబనాను దేవాలయ శిథిలములను పరిశీలించెను. 1812లో అక్కడనే పెట్రొనెల్లా యాకొమినా బార్టెల్స్ అను నామెను వివాహమాడెను. ఆతడు లేని ఆ యేండ్లలో మద్రాసున సేకరణ ఆగలేదు. లక్ష్మయ్య పైనుండి పండితుల చేత పని చేయించుచు, వచ్చిన ప్రతులను భద్రపరచుచుండెను. దొర లేకున్నను పని నడచినదనిన, దాని వెన్నెముక ఎవరో తెలియుచునే యున్నది.

మెకంజీ సేకరణలో వ్రాతతోపాటు చిత్రమునకును గొప్పస్థానము కలదు. కోటలు, గుళ్ళు, విగ్రహములు, వీరగల్లులు, పలువృత్తుల జనుల వేషభూషణములు చిత్రకారులచేత గీయించి సంపుటములుగా కట్టించెను. అమరావతి చిత్రములు వీటిలో శిరోరత్నము వంటివి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని నిర్మించుకాలమున దీపాలదిన్నె అను మట్టిగుట్టలో చెక్కడపు రాళ్ళు బయటపడినవని విని, మెకంజీ 1798 ప్రాంతమున అచ్చటికి పోయి చూచెను. అది బౌద్ధస్తూపమని ఆనాడు ఎవరికిని తెలియదు. మరల 1816లో సిబ్బందితో పోయి చూచునప్పటికి దిన్నె నడుమ గొయ్యి పడియుండెను. రాళ్ళు కొన్ని మెట్లుగాను, గోడలుగాను మారెను. కొన్నిటిని సున్నమునకై కాల్చిరి. మిగిలినవాటిని త్రవ్వించి, కొలతలు వేయించి, ఎనుబదికి పైగా చిత్రములు గీయించెను. ఆ సంపుటము నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున కలదు. అందు గీయబడిన శిలలలో కొన్ని ఇప్పుడు ఎక్కడను లేవు. రాయి పోయి కాగితము మిగిలిన విచిత్రమది.

ఆ 1816లోనే థామస్ హిక్కీ అను చిత్రకారుడు మద్రాసున మెకంజీ చిత్తరువు వ్రాసెను. ఎఱ్ఱని సైనికదుస్తులతో ఆతడు నిలుచుండగా, ప్రక్కన ముగ్గురు భారతీయ సహచరులు కనబడుదురు. ఒకరిచేత తాళపత్రము, మరియొకరిచేత దుర్భిణి. దూరమున కొండపై గోమటేశ్వరుడు. తన చిత్తరువులో సహచరులకు చోటిచ్చుట మెకంజీ స్వభావమునకు తగినదే. అదే యేట వెలువడిన కాంబెల్ దొర తెలుగు వ్యాకరణపు పీఠికలో తిరుపతి కొండమీది వేలకొలది రాగిరేకుల ప్రస్తావన వచ్చినది. అవి పరిశీలింపబడినవనియు, అందు ఇంచుమించు అన్నియు దేవుని స్తుతించు కీర్తనలేననియు చెప్పి ఆతడు వాటిని ప్రక్కకు నెట్టెను. వ్యాకరణమును, చరిత్రను వెదకువానికి పాటలు పనికిరానివిగా తోచినవి. ఆ రేకులే ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి పండితుల చేతబడి అన్నమాచార్యుని తెలుగుజాతికి మరల ఇచ్చినవి. ఏది విలువగలదో సేకరించునాడు తెలియదు. అన్నిటిని భద్రపరచవలెనను మెకంజీ పద్ధతిలోని వివేకము దీనివలన తేటపడును.

1815లో భారతదేశమంతటికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమింపబడి, 1817లో మెకంజీ తన గ్రంథములతోను, లక్ష్మయ్య మొదలగు పండితులతోను కలకత్తా చేరెను. సేకరించినదానికంతకు వివరమైన పట్టిక వ్రాసి ప్రకటింపవలెనని ఆతని ఆశ. పనులయొత్తిడివలనను, అనారోగ్యమువలనను అది సాగలేదు. గాలిమార్పునకై హుగ్లీనదిపై ప్రయాణము చేయుచు 1821 మే 8వ తేదీన పరమపదించెను. కలకత్తాలోనే సమాధి చేయబడెను. జీవితమంతయు కూర్చినవాడు తాను కూర్చినదానిని గూర్చి వ్రాసినది కొలది వ్యాసములు మాత్రమే.

ఆతడు విడిచిపోయిన రాశిని లెక్కించి హోరేస్ హేమన్ విల్సన్ 1828లో రెండు సంపుటముల పట్టికను ప్రచురించెను. సాహిత్యగ్రంథములు 1,568. స్థానిక వృత్తాంతములు 2,070. శాసనముల నకళ్ళు 8,076. అనువాదములు 2,159. చిత్రములు 2,630. నాణెములు 6,218. దేశపటములు, విగ్రహములు మొదలగునవి వేరు. ఒక్కవ్యక్తి ఇంతటి పనికి పూనుకొని ముగించుట ఏ దేశమునను తరచుగా కనబడదు. ఆతడు దీనికై పదునైదువేల పౌనులకు పైగా వ్యయము చేసెనని అలెగ్జాండర్ జాన్‌స్టన్ అంచనా. ప్రభుత్వము ఆతని భార్యకు లక్షరూపాయలిచ్చి అన్నిటిని కొనెను.

కొన్నది గాని, ఆ రాశిని ఒకచోట నిలుపలేదు. కొంత లండనుకు పోయెను, కొంత కలకత్తాలో ఆగెను, దక్షిణదేశభాషల గ్రంథములు పెక్కు 1828లో మద్రాసునకు వచ్చినవి. అప్పటికి ఆ గ్రంథముల లోతెరిగిన వ్యక్తి దేశమున ఒక్కడే ఉండెను. ఆతడు కావలి లక్ష్మయ్య. ఆగిపోయిన పనిని తాను కొనసాగింతునని ఆతడు ప్రభుత్వమును ప్రార్థించెను. మద్రాసున హిందూ సాహిత్యసంఘమును స్థాపించి అందుకు పాటుపడెను. ఆ వినతి కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి యభిప్రాయమునకు పోగా, ఈ దేశీయునికి విమర్శనాత్మకమైన అట్టి కార్యమును నడుపు సామర్థ్యముండదని 1836 ప్రాంతమున వారు తీర్పు చెప్పిరి. ముప్పదియేండ్లకు పైగా ఆ గ్రంథముల నడుమ బ్రతికినవానిని కాదని, విలియం టెయిలర్ అను మతగురువుచేత పట్టిక వ్రాయించిరి. టెయిలర్ శ్రమించెను, సందేహము లేదు. కాని కరణము అరుగుమీద కూర్చుండి విన్న చెవికిని, మద్రాసున కట్ట విప్పి చూచిన కంటికిని అంతరము కలదు. మెకంజీ జీవించియుండగా దొరకిన మన్నన ఆతనితోనే పోయినది. గ్రంథములు మిగిలినవి, వాటిని చదివి చెప్పగలవారికి చోటు మిగులలేదు.

చెదలకును, తేమకును ఆ ప్రతులు ఆహుతియగుచుండగా ఆదుకొన్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. స్థానిక వృత్తాంతములలో శిథిలమగుచున్నవాటిని ఆతడు పండితులచేత తిరిగి వ్రాయించెను. ఇంగ్లండులోని కంపెనీ గ్రంథాలయములో పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను మద్రాసునకు మరల్పించెను. ఆ నకళ్ళు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారమున నిలువగా, ఇరువదవ శతాబ్దపు తెలుగు చరిత్రకారులు వాటినే ఆధారముగా గ్రహించిరి. కడప మొదలగు సీమల కైఫీయత్తులు తరువాత అచ్చులోనికి వచ్చినవి. ఇప్పుడు ఏ గ్రామస్థుడైనను తన యూరి పేరుకై ఆ పుటలు త్రిప్పి చూచుకొనవచ్చును.

మెకంజీని కేవలము పొగడుటయు, కేవలము తెగడుటయు సరికాదు. ఆతడు కంపెనీ సైనికుడు. ఆతని పటములు రాజ్యమును బిగించుటకు పనికివచ్చినవి. ఆతడు కూర్చినదానిలో ఎంతో భాగము ఈ దేశపు చదువరులకు అందని దూరమునకు పోయినది. అయినను, గెలిచినవారు ఓడినవారి కథను వినుట అరుదైన కాలమున, ఒక పల్లెటూరి కరణము చెప్పు మాటయు వ్రాసి దాచదగినదేయని ఆతడు నమ్మెను. తన పనిలో తెలుగువారి పాలు ఎంతో బహిరంగముగా ఒప్పుకొనెను. లక్ష్మయ్యకు జరిగిన అన్యాయము ఆతని చేతిది కాదు, ఆతని తరువాతివారిది.

పుస్తకములను కూర్చుట సగము పని. వాటిని ఎరిగిన మనుష్యుని నిలుపుకొనుట తక్కిన సగము. పాకాలవంటి ఊరిలో ఇరువదియైదేండ్లు బీరువాలు నిండుచు వచ్చిన గ్రంథాలయమునకు ఈ జీవితమునుండి గ్రహింపదగిన దింతకన్న లేదు. ఊరిలో ఏ యింటి అటకమీదనో పాత కవిలెకట్ట యొకటి మిగిలియుండవచ్చును. గుడివెనుక అక్షరములు చెరిగిపోవుచున్న రాయి యొకటి నిలిచియుండవచ్చును. దానిని కడిగి, చదివి, వ్రాసి ఈ బీరువాలో చేర్చు బాలుడో బాలికయో బయలుదేరిననాడు బొర్రయ్య విడిచిపోయిన పని మరల మొదలైనట్లే.